సిరిసిల్లలో పగటోళ్లు, రాత్రోళ్లు

ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం సిరిసిల్ల వెళ్లొచ్చానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. "అక్కడ అన్నలు, పోలీసులు తప్ప ఎవరున్నారు మాస్టారూ?" అని అడిగారు. పేపర్లో చదివేది అదే కాబట్టి వాళ్ల తప్పు కాదు. వెళ్లేముందు నేనూ అలాగే అనుకున్నాను.

తెనాలిలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. స్కూళ్ల మధ్య మ్యాచులకు రిఫరీగా ఉండేవాణ్ణి. రిటైరైన రెండో ఏడు, మాఘమాసంలో, కోరుట్ల నుంచి రాజలింగం ఉత్తరం వచ్చింది. ట్రైనింగులో నా పక్క మంచం అతనిదే. ఇప్పుడు కోరుట్లలో సైన్సు చెబుతున్నాడు. ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం ఇది: "సిరిసిల్లలో రెండు క్లబ్బులు, ఒకటే గ్రౌండు. ఈ రెండు క్లబ్బులూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కటే, రిఫరీ మాత్రం ఈ జిల్లావాడు కావద్దని. నువ్వు రా."

విజిలు, గడియారం, స్టాప్‌వాచీ, రూలు పుస్తకం, లైనువాళ్ల జెండాలు రెండు, డైరీ సంచిలో పెట్టుకుని బయల్దేరాను.

జగిత్యాల

కరీంనగర్ బస్సు పదకొండింటికి జగిత్యాలలో దించింది. గడియార స్తంభం దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాను. యజమాని నా మాట వినగానే యాస పట్టేశాడు.

"ఆంధ్ర నుంచి అచ్చిండ్రా సారు? అయితె కారం తక్కువేయమంటరా?"

గుంటూరు జిల్లావాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? "మామూలుగానే వెయ్యండి" అన్నాను కొంచెం బింకంగా. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం పెట్టాడు. రెండో ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చెంబెడు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. భోజనం నాలుగు రూపాయలు. మజ్జిగకు డబ్బు తీసుకోలేదు. "గది మందు సారు, మందుకు పైసలు తీస్కుంటమా?" అన్నాడు.

సాయంత్రం కోట చూశాను. నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గోడల మీద మేకలు మేస్తున్నాయి. ఎనిమిది కొట్టేసరికి బజారంతా తలుపులు మూసేసుకుంది. మా తెనాలిలో ఆ వేళకు ఇంకా రెండో ఆట టిక్కెట్లు కూడా ఇవ్వరు.

కోరుట్ల బస్సు

మర్నాడు కోరుట్ల బస్సులో ముగ్గురు కూర్చునే సీటు. కిటికీ దగ్గర తెల్ల ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన, చివర నేను. మధ్యలో చోటు ఖాళీ. నెత్తిన మూటతో ఒకావిడ ఎక్కి మా ముందు ఆగింది.

"జర నడుమలకు జరుగు పెద్దయ్యా. నాకు వాంతులైతయి, కిటికి గావాలె."

ఆయన లేచి మధ్యకు జరిగాడు. ఆమె పేరు మరియమ్మట. బుగ్గారం నుంచి మల్లాపూర్ వెళుతోంది. అక్కడ పసుపు తవ్వి ఉడకబెట్టే పని, నెల రోజులు దొరుకుతుంది. పెద్దాయన కునుకు తీయగానే ఆమె నావైపు వంగింది.

"గాయిన ఎవలనుకున్నరు సారు? మా పక్కూరి దొర. మా అవ్వ గాయిన గడి ముందటికెల్లి పోవాల్నంటే చెప్పులు చేతులవట్టుకొని పోయేది."

"మరి ఇప్పుడు?"

"గిప్పుడా? నేను కిటికి కాడ గూసున్న, ఆయన నడుమల గూసుండు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలోనే కొంచెం జాలి కూడా పడింది. "ఊరిడిసిపెట్టి జగిత్యాలల కిరాయింట్ల ఉంటాండు. ఎన్నడన్న గిట్ల బస్సుల అవుపడ్తడు."

కోరుట్లలో దిగేటప్పుడు ఆమెకు అందని మూటను పెద్దాయనే అందించాడు. "మంచిది దొరా" అంది ఆమె అలవాటుకొద్దీ. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "దొరా గీరా అనకు బిడ్డా. పైలంగ పో."

ఆ గొంతులో భయం ఎంత, మర్యాద ఎంత అన్నది నాకు తేలలేదు. డైరీలో రెండూ రాసుకున్నాను.

కోరుట్ల

రాజలింగం ఇల్లున్న వీధి పొడుగునా అరుగుల మీద ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్లు మాత్రం వీధిలోకి వచ్చిన కొత్తమనిషి మీద ఉన్నాయి. "సైన్సుసారు ఇంటికి చుట్టం అచ్చిండు" అన్న కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది.

రాజలింగం భార్య సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గిన్నెలోపల అద్ది కాలుస్తారు. మా తపేలంటు దీనికి చెల్లెలవుతుంది. తింటుండగా రాజలింగం అసలు సంగతి చెప్పాడు.

మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. సాంచెలు పగలూ రాత్రీ ఆగవు. ఒక మనిషి పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నడిపితే, అక్కడినుంచి పొద్దుటి దాకా అవే సాంచెల్ని ఇంకో మనిషి నడుపుతాడు. బొంబాయి దగ్గరి భివండికి మగ్గాల పనికి వెళ్లిన కుర్రాళ్లు అక్కడినుంచి ఫుట్‌బాల్ నేర్చుకొచ్చారు. పగటి పనివాళ్లు సాయంత్రాలు ఆడుకున్నారు, రాత్రి పనివాళ్లు పొద్దుటిపూట ఆడుకున్నారు. అలా రెండు క్లబ్బులయ్యాయి. వాటికి రిజిస్టరైన పేర్లేవో ఉన్నాయిగాని ఊరంతా పిలిచేది పగటోళ్లు, రాత్రోళ్లు అనే. మావైపు రెండు జట్లంటే ఇద్దరు సినిమా హీరోలుంటారు, లేకపోతే రెండు కులాలుంటాయి. గడియారాన్ని బట్టి చీలిన ఊరిని నేను చూడటం ఇదే మొదలు.

"అన్నదమ్ములు గూడ అటొకడు ఇటొకడు ఉంటరు" అన్నాడు రాజలింగం. "మ్యాచ్ వారం ఒకే కంచం కాడ గూసుండరు."

రుద్రంగి దగ్గర

మర్నాడు సిరిసిల్ల బస్సు రుద్రంగి దాటాక ఆగింది. పోలీసులు ఎక్కి సంచులు చూస్తున్నారు. నా సంచిలో చెయ్యి పెట్టిన కానిస్టేబుల్ మొదట విజిలు తీశాడు, తర్వాత ఎర్రజెండా తీశాడు.

నా పక్కన కూర్చున్నతను మెల్లగా రెండు సీట్లు వెనక్కి వెళ్లాడు.

"ఏంది పెద్దమనిషీ ఇది?"

"లైనుజెండా బాబూ. ఆఫ్‌సైడు చూపించడానికి."

"ఏ సైడు?"

కిందికి దించి రోడ్డు పక్కన నిలబెట్టారు. మట్టిలో పుల్లతో గ్రౌండు గీసి, రాళ్లను ఆటగాళ్లుగా పెట్టి, ఆఫ్‌సైడు రూలు మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఎస్సై కూడా వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో అంత శ్రద్ధగా విన్న క్లాసు నాకు దొరకలేదు. కడకు కానిస్టేబుల్ ఒక రాయిని బూటుతో వెనక్కి జరిపి, "గిట్ల జరిగితే తప్పు గాదన్నట్టు" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు.

"పసుపుది తీస్కపోండ్రి. ఎర్రది ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు ఎస్సై. "ఊకె లేనిపోనియి మీద వడ్తయి పెద్దాయనా. మీ మంచికే చెప్తున్న."

బస్సెక్కగానే వెనక్కి వెళ్లినతను మళ్లీ నా పక్కకు వచ్చి కూర్చుని, అరటిపండు చేతిలో పెట్టాడు.

సాంచెల మధ్య

సిరిసిల్లలో రాజలింగం బావమరిది ఇంట్లో దిగాను. ఎనిమిది సాంచెల ఆసామి. షెడ్డులో అడుగుపెడితే చెవులు దిబ్బళ్లు పడ్డాయి. దారం మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు కొడుతుంటే నేల అదురుతోంది. అక్కడివాళ్లు మాటలకన్నా కనుబొమలతో ఎక్కువ మాట్లాడుకుంటారు.

అందులో నాలుగు సాంచెలు పగలు నడిపేది రాజేశం, పగటోళ్ల గోల్‌కీపర్. అవే నాలుగూ రాత్రి నడిపేది గంగాధర్. అతను రాత్రోళ్ల ఫార్వర్డు, ఆ టీములో గోల్స్ అన్నీ అతనివే. ఇద్దరికీ పాతికేళ్లుంటాయి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. తిట్టుకోవడానికి ఆ వరస అనువుగా ఉంటుంది కాబోలు.

పని మారే వేళ ఆరు. కాని ఐదున్నరకే గంగాధర్ వచ్చేశాడు. రాజేశం చేతిలోని నూలు కండె లాక్కున్నాడు.

"పో బావా పో. మీ అత్తగారింట్ల బువ్వ సల్లారుతాంది."

"నువ్వు పోగులు సూడు. నిన్న నువ్వు అతికిన పోగులన్ని ముళ్లు ముళ్లే ఉన్నయి. గోలు గొట్టుడు అచ్చినంత అల్కగ రాలె పోగు గట్టుడు."

"రేపు నీ కాళ్లసందుల నుంచి కొడ్త, అప్పుడు లెక్కవెట్టు ముళ్లు."

రాజేశం నవ్వుతూ చొక్కా తొడుక్కుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. అత్తగారిల్లంటే ఏమిటో ఆసామి చెప్పాడు. రాజేశం చిన్నాయన కొడుకు ఒకడు అడవిలోకి వెళ్లిపోయాడు. దాంతో పోలీసులు రాజేశాన్ని తీసుకుపోయి కొన్నాళ్లకు వదిలారు. ఆరునెలల పాటు ప్రతిరోజూ సాయంత్రం ఆరులోపు ఠాణాలో సంతకం పెట్టాలని షరతు. ఐదు నెలలు దాటింది. ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఒక్క రోజు తప్పినా మళ్లీ లోపలికే.

"ఆరింటిదాక పనుంటే ఆరులోపల ఠాణకెట్ల పోతడు సారు?" అన్నాడు ఆసామి. "సాంచెలు బంద్ పెడితె నాకు నష్టం. గందుకే గంగాధర్ రోజు అరగంట ముందుగాల అచ్చి పట్టుకుంటడు. నేను చెప్పలె. వాడే అస్తాండు."

"మరి ఇద్దరికీ పడదన్నారే?"

"పడది సారు" అన్నాడాయన, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసి. "ఆటల అస్సలు పడది."

చిలకపచ్చ

మ్యాచ్ రోజు కరెంటు సెలవు. వారానికొకసారి ఆ ఒక్కరోజే సాంచెలు ఆగుతాయి. ఊరంతా మానేరు ఒడ్డున ఉన్న గ్రౌండు చుట్టూ చేరింది. సగానికి ముప్పై అయిదు నిమిషాల ఆట, మూడున్నరకు మొదలుపెడితే ఐదులోపు అయిపోతుంది. రాజేశం తీరిగ్గా ఠాణాకు వెళ్లొచ్చు. కార్యక్రమం అంతా పెన్సిలుతో కాగితం మీద రాసి ఇద్దరు కెప్టెన్లకూ ఇచ్చాను.

మూడున్నరకు రెండు జట్లూ గ్రౌండులోకి వచ్చాయి. ఇరవై ఇద్దరూ చిలకపచ్చ చొక్కాల్లో ఉన్నారు.

జనం ఒక్క క్షణం నోళ్లు తెరిచి చూశారు. ఆ తర్వాత లేచిన గోల అంతా ఇంతా కాదు. జరిగింది ఇదీ. పగటోళ్లది ఎప్పుడూ ఎరుపు, రాత్రోళ్లది నీలం. ఈ రోజుల్లో ఎర్రచొక్కాలు మంచివి కావని ఎవరో చెబితే పగటోళ్లు కొత్త రంగు వేయించుకున్నారు. పగటోళ్లు కొత్తవి వేయిస్తున్నారని పసిగట్టిన రాత్రోళ్లు మేమూ కొత్తవి వేయిస్తామన్నారు. గుడ్డ నేసింది వాళ్లే, కుట్టించింది వాళ్లే. రంగు వేసింది మాత్రం రెండు జట్లకూ భూమయ్య. ఆయన్ని ఇంటినుంచి లాక్కొచ్చారు. మోచేతులదాకా పచ్చరంగే.

"ఏమయ్యా, ఇద్దరికి ఒకటే రంగెట్ల వేస్తివి?"

"మీరిద్దరు నా దగ్గర ఒట్టేయిచ్చుకున్నరు గదరా" అన్నాడు భూమయ్య. "రంగు సంగతి వాళ్లకు చెప్పద్దని మీరు, మీకు చెప్పద్దని వాళ్లు. ఇద్దరి మాట నిలవెట్టిన. మాట నిలవెట్టిన మనిషిని కొడ్తరా?"

"మరి వేరే రంగు వేయచ్చు గద!"

"ఏ రంగు మంచిగుంటది భూమన్నా అని ఇద్దరు నన్నే అడిగిండ్రు. నాకు మంచిగనిపిచ్చింది చెప్పిన. నిన్నొక తీరు, నేడొక తీరు చెప్పాల్నా?"

ఇక చొక్కాలు ఎవరు విప్పాలన్నది తేలాలి. బొమ్మాబొరుసూ వేద్దామన్నాను. బొమ్మాబొరుసు వేయాలా వద్దా అని అరగంట వాదన. రాత్రోళ్ల పెద్ద దేవయ్య, భివండిలో పదేళ్లు ఆడి వచ్చిన మనిషి, చేతికర్ర నేలకు కొట్టి "పచ్చ మా తాతలనాటి రంగు" అన్నాడు. నిన్నటిదాకా నీలానికి జై కొట్టిన నోటితోనే. కడకు బొరుసు పడి పగటోళ్లు చొక్కాలు విప్పి బనీన్లతో నిలబడ్డారు. చిరుగులున్న బనీన్లవాళ్లు సిగ్గుపడి చేతులు కట్టుకున్నారు.

విజిలు ఊదేసరికి నాలుగూ ముప్పై అయిదు. నేను రాసిచ్చిన కాగితం అప్పటికే చెల్లని చీటీ అయిపోయింది.

పది తక్కువ ఆరు

ఆట సంగతి వివరంగా రాయను. వేగం ఉంది, మోచేతులు ఉన్నాయి. నూలు ఉండల మధ్య తిరిగే మనుషులు కాబట్టి ఇరుకులో బంతిని తీసుకుపోవడం చాలా బాగా వచ్చు. మొదటి సగంలో పగటోళ్లు ఒక గోలు కొట్టారు, రెండో సగం మొదట్లో గంగాధర్ సమానం చేశాడు. పగటోళ్ల గోలు వెనకాల రాజేశం భార్య పద్మ అతని చొక్కా, చెప్పులు చేతబట్టుకుని నిలబడింది. ఐదు నిమిషాలకొకసారి గడియారం ఉన్న మనిషిని వెతికి టైము అడుగుతోంది, వెంటనే మొగుడికి అరుస్తోంది.

"ఐదున్నరయింది! ఇనవడ్తాందా?"

"ఇనవడ్తాంది! బంతిని సూడనియ్యవా?"

ఐదూ నలభైకి గంగాధర్ ఒంటరిగా దూసుకొచ్చాడు. రాజేశం ఎదురొచ్చి బంతికి బదులు కాలు పట్టుకున్నాడు. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. పెనాల్టీ ఇచ్చాను.

ఆ మాటతో సగం ఊరు గ్రౌండులోకి వచ్చేసింది. పగటోళ్లు నన్ను చుట్టుముట్టి నా కళ్లకు వైద్యం చెప్పారు. రాత్రోళ్లు వాళ్లను చుట్టుముట్టారు. అందరినీ గీత వెనక్కి పంపి, బంతిని చుక్కమీద పెట్టించి, గడియారం చూశాను. ఐదూ నలభై తొమ్మిది. ఠాణా మైలున్నర దూరం.

రాజేశం గోలు కర్రల మధ్య నిలబడి నావైపు చూశాడు. "టైమెంత సారు?"

చెప్పాను. పద్మ గోలు వెనకనుంచి లోపలికే వచ్చేసి అతని రెక్క పట్టుకుంది. "నడువు. తన్నేటోళ్లు తన్నుకుంటరు. ఇరవై రోజుల కోసం మల్ల లోపటికి పోతవా?"

అతను కదిలాడు. అతని బదులు గోల్లోకి రావడానికి పగటోళ్లలో మిగిలింది ఒక కిరాణాకొట్టు యజమాని. భారీ మనిషి, ఎప్పుడూ గోలు కాసింది లేదు. బనీను కిందికి లాక్కుంటూ వచ్చి కర్రల మధ్య నిలబడి, దండం పెట్టుకున్నాడు.

రాత్రోళ్లు ఈలలు వేశారు. గెలుపు చేతికి వచ్చినట్టే. గంగాధర్ బంతి దగ్గరకు వచ్చాడు. గోల్లో ఉన్నాయన్ని చూశాడు. వంగి బంతి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వాడచ్చేదాక నేను తన్న."

"నీకు పిచ్చి లేసిందారా?" దేవయ్య గీత దాటి వచ్చేశాడు. "తన్ను! మూడేండ్ల సంది గెల్వలె మనం!"

"గెలుద్దాం పెద్దయ్యా. వాడచ్చినంక గెలుద్దాం. రేపు పొద్దుగాల వాని చేతులకే నేను సాంచెలు అప్పజెప్పాలె. గీ షావుకారి మీద గోలు గొట్టి వాని మొకం ఎట్ల సూడాలె?"

దేవయ్య బండబూతు ఒకటి తిట్టాడు. తర్వాత జనంలోకి తిరిగి అరిచాడు. "అరేయ్, నా సైకిల్ ఇయ్యుండ్రి వానికి! రాజేశం! బిరేకులు లెవ్వు, పైలం!"

రాజేశం సైకిలెక్కి వెళ్లిపోయాడు. పద్మ చొక్కా, చెప్పులు పట్టుకునే వెనకాల పరిగెత్తింది.

ఇక అందరూ నావైపు చూశారు. రూలు పుస్తకం ప్రకారం గోల్లో మనిషి ఉన్నాడు, బంతి ఉంది, తన్ననివాడు తప్పుచేసినట్టే. ఆ పుస్తకాన్ని నేను ముప్పై ఒక్క ఏళ్లు అక్షరం తప్పకుండా నడిపాను. స్టాప్‌వాచీ మీట నొక్కి ఆపేశాను. "ఆట ఆగింది" అన్నాను.

ఆరయింది. ఆరూ ఐదయింది. ఎవరూ కూర్చోలేదు. రోడ్డు మలుపు కనబడే వైపుకు రెండు జట్లూ మెల్లగా జరిగిపోయాయి. పచ్చచొక్కాలూ బనీన్లూ కలిసిపోయాయి. గంగాధర్ బంతిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మారుస్తున్నాడు. "సైకిలుకు బిరేకులుంటే మంచిగుండు" అన్నారెవరో.

ఆరూ పన్నెండుకు సైకిలు కనబడింది. తొక్కుతున్నది రాజేశమే. వెనక క్యారేజీ మీద ఠాణా కానిస్టేబుల్ ఒకడు కూర్చుని ఉన్నాడు.

జనంలో ముందున్నవాళ్లు వెనక్కి తగ్గారు. సైకిలు ఆగక గ్రౌండు మధ్యదాకా వస్తే, రాజేశం రెండు కాళ్లూ నేలకు రాసి నిలిపాడు. కానిస్టేబుల్ దిగి ప్యాంటు దులుపుకున్నాడు.

"మూడు నిమిషాలు ముందుగాలనే సంతకమయింది" అన్నాడు అందరికీ వినబడేట్టు. "ఆటనా, ఇంకేమన్ననా సూసి రమ్మన్నడు మా ఎస్సై సారు. ఎవలు తన్నేది? జల్ది తన్నుండ్రి, చీకటైతాంది."

గంగాధర్ బంతి పెట్టాడు. పది అడుగులు వెనక్కి వెళ్లి వచ్చి తన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బంతి నేలకు జానెడెత్తున కుడిమూలకు వెళ్లింది. రాజేశం పడుతూ చెయ్యి చాపాడు. వేళ్లకు తగిలి, కర్రకు తగిలి బయటికి పోయింది.

మిగిలిన పది నిమిషాలకు వెలుతురు లేదు. సమానమని ప్రకటించాను.

పగటోళ్లు రాజేశాన్ని ఎత్తుకున్నారు. అవతలివైపు గంగాధర్ చుట్టూ అతని మనుషులే చేరారు. "దోస్తుకు ఇడిసిపెట్టినవ్." "చేతులకు చూసి కొట్టినవ్." "ఆగుడు ఆగినవ్, గట్టిగనన్న కొట్టకపోయినవ్?" నేను వెళ్లి గట్టిగానే కొట్టాడన్నాను. "మీరు పెద్దమనుషులు సారు, మంచికే చెప్తరు" అన్నాడు దేవయ్య. గంగాధర్ కరెంటు రాగానే పనిలోకి వెళ్లిపోయాడు.

తెల్లవారి

నా బస్సు ఏడున్నరకు. ఆరున్నరకు ఆసామితో కలిసి షెడ్డు ఎదురుగా ఉన్న చాయ్ హోటలుకు వెళ్లాను. దేవయ్య, రాత్రోళ్లు ఆరేడుగురు బెంచీల మీద ఉన్నారు. పని దిగిన గంగాధర్ కూడా ఉన్నాడు. కాని ఒంటరిగా, అవతలి చివర. అతని ముందు చాయ్ మీగడ కట్టింది. ఎవరూ అతన్ని పలకరించడం లేదు.

రాజేశం షెడ్డులోంచి బయటికి వచ్చి నేరుగా దేవయ్య ముందు నిలబడ్డాడు. కుడిచెయ్యి చాపాడు. మధ్యవేలు, ఉంగరంవేలు వంకాయల్లా ఉబ్బి నీలిరంగు తేలాయి.

"సూడు పెద్దయ్యా. ఊకెనే కొడితె గిట్ల ఉబ్బుతదా?"

దేవయ్య కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. నమ్మకం కుదరక వేలు పట్టుకుని నొక్కాడు. రాజేశం పెట్టిన కేకకు వీధిలో కుక్క లేచి నిలబడింది.

"గట్టిగనే కొట్టిండు" అన్నాడు దేవయ్య తృప్తిగా. చెయ్యి చేతులు మారి బెంచీ అంతా తిరిగింది. ప్రతివాడూ ఒక్కసారి నొక్కాడు, ప్రతివాడూ ఒప్పుకున్నాడు. ఆఖరున ఎవరో హోటలాయనకు చెప్పారు. "గంగాధర్‌కు ఏడి చాయ్ పొయ్యి."

గంగాధర్ లేచి వచ్చి ఆ వేళ్లను చూశాడు. "గీ చేత్తోటి పోగెట్ల గడ్తవ్ బే?"

"గట్టరాదు. నువ్వు గట్టాలె. నువ్వే ఇరగ్గొట్టినవ్ గద."

"రాతిరంత నిలవడ్డ. ఇప్పుడు పగలు గూడ నేనే నిలవడాల్నా?" అంటూనే అతను చాయ్ రెండు గుక్కల్లో తాగేసి షెడ్డువైపు తిరిగాడు. తిరిగినవాడు ఆగాడు. "మరి పొద్దుమూకి సంతకం?"

రాజేశం ఎడమచెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించాడు. "ఇది మంచిగనే ఉంది. ముద్ర ఏస్త."

"పది సదివినోనివి, ముద్రేస్తవా? ఇజ్జత్ పోతది" అన్నాడు గంగాధర్. "ఐదింటికే ఇడిసిపెడ్త. పోయి ఎడమచేత్తోటి మెల్లగ రాసుకో."